ఇల్లు అమ్ముడుపోవడం లేదు, మనసు కుదురుగా లేదు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు అమ్మడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల్లో నన్ను తినేసిన ప్రశ్నలు, తర్వాత ఇదే అవస్థలో ఉన్న స్నేహితులూ తెలిసినవాళ్ళూ నన్ను అడిగిన ప్రశ్నలు ఒకచోట పెడుతున్నాను. నేను ఇళ్ళ వ్యాపారంలో లేను, లాయర్ని కాదు. పన్నులు, కాగితాలు, ఒప్పందాల చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాటికి మీ దగ్గర తెలిసినవాళ్ళనే అడగండి. ఇక్కడ రాసింది ఎక్కువగా ఆ ఎదురుచూపు గురించి, దాని మధ్యలో తీసుకోక తప్పని నిర్ణయాల గురించి.

ఇల్లు అమ్మకానికి పెట్టి ఐదు నెలలైంది, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఒక ఇంటి గురించి ఇంత టెన్షన్ పడటం మామూలేనా?

మామూలే. చాలామందికి ఉన్న ఆస్తిలో పెద్ద భాగం ఆ ఇల్లే, అది అమ్మితేగానీ తర్వాతి అడుగు పడదు. ఉద్యోగం వచ్చిన ఊరికి మారడం, అప్పు తీర్చడం, విడాకుల తర్వాత ఎవరి దారి వాళ్ళు చూసుకోవడం, వయసైపోతున్న అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళడం, అన్నీ ఎప్పుడు వస్తుందో తెలియని ఒక్క ఫోన్ దగ్గర ఆగిపోయి ఉంటాయి.

1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు మానసిక వైద్యులు మనిషికి ఒత్తిడి తెచ్చే 43 సంఘటనలకు మార్కులు వేసి ఒక జాబితా తయారుచేశారు. జీవిత భాగస్వామిని పోగొట్టుకోవడానికి 100, ఇల్లు మారడానికి 20. ఇరవయ్యేనా అనిపిస్తుంది కదా, నాకూ అనిపించింది. కానీ వాళ్ళు మార్కులు వేసింది ఇల్లు మారడానికి, అంటే ఒక రోజు మొదలై ఇంకో రోజు అయిపోయే పనికి. మారతామో మారమో తెలియకుండా సగం సర్దిన అట్టపెట్టెల మధ్య నెలల తరబడి బతకడానికి ఆ జాబితాలో మార్కులు లేవు.

2016లో లండన్ పరిశోధకులు 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి, ఉంటే చేతికి నొప్పి పుట్టేలా కరెంటు షాక్ తగులుతుంది. షాక్ తప్పదని ఖాయంగా తెలిసినప్పటి కన్నా, తగలొచ్చు తగలకపోవచ్చు అని సగం సగంగా ఉన్నప్పుడే వాళ్ళలో ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. స్లో మార్కెట్లో ఇల్లు అమ్మడమంటే అచ్చం ఇదే. "ఈ ఏడాది అమ్ముడుపోదు" అని ఎవరైనా గట్టిగా చెబితే ఏడ్చి, ఇంకో ఏర్పాటు చేసుకుంటాం. ఎవరూ చెప్పరు, అందుకే నలిగిపోతాం.

మార్కెట్ స్లోగా ఉందంటే ధరలు పడిపోయాయనేనా?

సాధారణంగా ముందు పడేది ధర కాదు, అమ్మకాల సంఖ్య. అమ్మేవాళ్ళు పాత ధరనే పట్టుకుని కూర్చుంటారు, కొనేవాళ్ళు ఇంకా తగ్గుతుందేమోనని ఆగుతారు, మధ్యలో బేరాలు నడవవు. ధరలు కదలడానికి చాలా నెలలు పడుతుంది, ఒక్కోసారి అంతగా కదలవు కూడా.

మీ ప్రాంతంలో పరిస్థితి తెలియాలంటే ఒక చిన్న లెక్క ఉంది. మీ ఇంటిలాంటి ఇళ్ళు ఇప్పుడు ఎన్ని అమ్మకానికి ఉన్నాయో చూసి, నెలకు సగటున అమ్ముడుపోయేవాటి సంఖ్యతో భాగించండి. అరవై ఉండి నెలకు ఐదు అమ్ముడుపోతుంటే, ఉన్నవి ఖాళీ అవ్వడానికి పన్నెండు నెలలు. ఆరు నెలల దగ్గర ఉంటే అటూ ఇటూ సమానంగా ఉందని ఈ రంగంలో వాళ్ళు అంటుంటారు, అంతకు మించితే కొనేవాళ్ళదే పైచేయి. మా లెక్క పద్నాలుగు వచ్చింది. వింతగా ఆ రోజు నాకు కాస్త తేలికనిపించింది, ఎందుకంటే అప్పటిదాకా మా ఇంట్లోనే ఏదో లోపం ఉందనుకుంటున్నాను.

కారణాల్లో వడ్డీది పెద్ద పాత్ర. అమెరికాలో ముప్పై ఏళ్ళ గృహరుణం సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతానికి దిగి, 2023 అక్టోబరుకల్లా 7.79 శాతానికి ఎక్కింది. 2023లో అక్కడ పాత ఇళ్ళ అమ్మకాలు సుమారు 41 లక్షలకు పడిపోయాయి, 1995 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. అంత పెద్ద మార్పు ముందు మీరు పడకగదికి ఏ రంగు వేశారన్నది చిన్న విషయం. రంగుల గురించి నేను పెట్టుకున్న దిగులంతా వృథా.

నేను కొన్న ధర కన్నా తక్కువకు ఎలా అమ్మను?

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే, మేము ఎక్కువ నెలలు పోగొట్టుకున్నదీ ఇక్కడే.

మీరు కొన్న ధర కొనేవాళ్ళకు అనవసరం. మీరు వేయించిన గచ్చు ఖర్చు అనవసరం, మీ లోన్ ఎంత మిగిలిందో అంతకన్నా అనవసరం. వాళ్ళు మీ ఇంటిని పక్కవీధిలో అమ్మకానికి ఉన్న ఇంకో ఇంటితో పోల్చుకుంటారు, అంతే. ఇది బుద్ధికి తెలుసు, మనసు ఒప్పుకోదు. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లో రాసింది ఇదే: అంతే మొత్తం లాభం వస్తే కలిగే సంతోషం కన్నా నష్టం వస్తే కలిగే బాధ పెద్దది.

ఇళ్ళ విషయంలో దీన్ని నేరుగా లెక్కగట్టినవాళ్ళూ ఉన్నారు. డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ 1990లలో బోస్టన్ నగరంలో ఫ్లాట్ల అమ్మకాలు తీసుకుని 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. కొన్న ధర కన్నా మార్కెట్ కిందికి పోయినవాళ్ళు, ఆ తేడాలో 25 నుంచి 35 శాతం దాకా కలిపి ఎక్కువ ధర చెప్పారట. చివరికి వాళ్ళకు అదనంగా దక్కింది తేడాలో 3 నుంచి 18 శాతం. అంటే వందకు కొన్నది ఇప్పుడు ఎనభై పలుకుతుంటే, వాళ్ళు అయిదు నుంచి ఏడు దాకా ఎక్కువ అడిగారు, వచ్చింది మాత్రం సుమారు అర నుంచి మూడున్నర. పైగా మిగతావాళ్ళ కన్నా నెమ్మదిగా అమ్ముడుపోయాయి. మొండిగా కూర్చుంటే కొంత వస్తుంది, అబద్ధం ఎందుకు, కానీ ఆ కొంత కోసం ఎన్ని నెలల వడ్డీ, ఎన్ని నెలల నిద్ర పోతుందో ఎవరి లెక్క వాళ్ళు వేసుకోవాలి.

మా ఆయన ఒక ఆదివారం పొద్దున కాగితం మీద మూడు అంకెలు రాశారు: మనం కొన్న ధర, మనం చెబుతున్న ధర, గత మూడు నెలల్లో మన చుట్టుపక్కల ఇలాంటి ఇల్లు నిజంగా రిజిస్ట్రేషన్ అయిన ధర. తర్వాత మొదటి రెండూ పెన్నుతో కొట్టేశారు. నాకు కోపం వచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అయినా ఆ కాగితం ఫ్రిజ్ మీదే ఉండిపోయింది, నెల తిరిగేలోపు నేనే దాని ప్రకారం ధర మార్చమని చెప్పాను.

మరి ధర ఎప్పుడు తగ్గించాలి?

అమ్మకానికి పెట్టిన మొదటి రెండు మూడు వారాల్లోనే ఎక్కువమంది చూస్తారు, ఎందుకంటే అప్పటికే వెతుకుతున్నవాళ్ళందరికీ మీ ఇల్లు కొత్తగా కనిపిస్తుంది. ఆ తర్వాత కొత్తగా వెతకడం మొదలుపెట్టినవాళ్ళు మాత్రమే వస్తారు. కాబట్టి "ముందు ఎక్కువ చెప్పి చూద్దాం, తర్వాత తగ్గించొచ్చు" అన్న ఆలోచన స్లో మార్కెట్లో ఎదురు తిరుగుతుంది, మేము చేసింది అదే. ఇల్లు ఎక్కువకాలం జాబితాలో ఉండిపోతే చూసినవాళ్ళకు "ఇంకా ఎందుకు అమ్ముడుపోలేదు, ఏదో లోపం ఉండుంటుంది" అన్న అనుమానం మొదలవుతుంది.

తగ్గించాలనుకుంటే నెలకు కాస్త కాస్తగా గీరకండి. అలా చేస్తే చూసేవాళ్ళకు మీరు ఇంకా దిగుతారని అర్థమై, ఆగి చూస్తారు. నిజంగా అమ్ముడుపోయిన ఇళ్ళ ధర దగ్గరికి ఒక్కసారి తేవడం నయం.

ఇంకో మాట కూడా ఉంది, ఎక్కువ చెప్పడంలో పూర్తిగా తర్కం లేకపోలేదు. 1987లో గ్రెగరీ నార్త్‌క్రాఫ్ట్, మార్గరెట్ నీల్ అనే పరిశోధకులు ఒక నిజమైన ఇంటిని ఏజెంట్లకు చూపించి విలువ కట్టమన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో అడిగే ధర చూపించారు. ఏళ్ళ అనుభవం ఉన్న ఏజెంట్లు కూడా చూపించిన ధర వైపే వాలారు, అడిగితే మాత్రం చాలామంది ఆ ధరను పట్టించుకోలేదన్నారు. అంటే చెప్పిన ధరకు మనుషుల మీద పట్టు ఉంటుంది. కానీ ముందు ఆ మనిషి మీ గుమ్మం దాకా రావాలి కదా.

వచ్చి చూస్తున్నారు, "చాలా బాగుంది" అంటున్నారు, మళ్ళీ ఫోన్ చెయ్యరు. ఏమిటిది?

"బాగుంది" అనేది మర్యాద మాట, వాళ్ళు నిలబడి ఉన్నది మీ ఇంట్లో మరి. దాన్ని పట్టుకుని రాత్రంతా ఆశ పెంచుకోకండి. నేను పెంచుకున్నాను. ఒక జంట నలభై నిమిషాలు ఉన్నారు, మంచం ఎక్కడ వేసుకోవాలో అడుగులతో కొలుచుకున్నారు, వాళ్ళ పాప మా బాల్కనీలో మొక్కకు నీళ్ళు పోసింది. వాళ్ళు చెప్పులు వేసుకుని మెట్లు దిగుతుంటే ఆ చప్పుడు వింటూ, ఇక అయిపోయింది, అమ్ముడుపోయింది అనుకున్నాను. తర్వాత పన్నెండు రోజులు ఫోన్ సౌండ్ పూర్తిగా పెట్టి, స్నానానికి వెళ్ళినా తలుపు బయట స్టూల్ మీద పెట్టుకున్నాను. వాళ్ళు వేరే ఇల్లు కొన్నారని ఏజెంట్ మాటల మధ్య చెప్పాడు.

మనిషి మాటలు వదిలేసి, ఎక్కడ ఆగుతోందో చూడండి. అసలు ఫోన్లే రాకపోతే ధరో ఫోటోలో బాగాలేవు. వచ్చి చూసి ఎవరూ బేరం పెట్టకపోతే ఆ ధరకు ఇల్లు ఆనడం లేదు. బేరం కుదిరి తర్వాత విరిగిపోతుంటే కాగితాల్లోనో, కొనేవాళ్ళ లోన్ దగ్గరో చిక్కు ఉంది. ఏజెంటును "నచ్చిందా?" అని అడగకండి, "వాళ్ళు మనది కాకుండా ఏ ఇల్లు చూస్తున్నారు, అది ఎందుకు?" అని అడగండి. మాకు పనికొచ్చిన సమాధానాలన్నీ ఈ ఒక్క ప్రశ్నకే వచ్చాయి.

ఎప్పుడు ఎవరొస్తారో తెలియక ఇల్లంతా సర్దుతూనే ఉంటున్నాం. మా ఇంట్లో మేమే అతిథుల్లా ఉన్నాం.

ఇది బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. నేను సింక్ తుడిచి, కుళాయి మీద నీటి మరకలు పోయేలా పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి, ఎవరైనా గ్లాసు కడిగితే విసుక్కునేదాన్ని. గ్లాసు కడిగినందుకు! పిల్లలు హోంవర్క్ మంచం మీద చేసుకునేవాళ్ళు, బల్ల ఖాళీగా కనిపించాలని.

మాకు పనిచేసింది రోజులు కట్టడం. వారంలో మూడు రోజులు, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకే చూపిస్తామని చెప్పాం. ఏజెంట్ ముందు గొణిగాడు, నిజంగా కొనాలనుకున్నవాళ్ళు ఆ గంటల్లోనే వచ్చారు. మిగతా నాలుగు రోజులు ఇల్లు మాది, బల్ల మీద పుస్తకాలు ఉండొచ్చు. ఒకవేళ మీకు తొందర మరీ ఎక్కువగా ఉంటే ఇది కుదరకపోవచ్చు, అప్పుడు కనీసం ఒక గదిని వదిలెయ్యండి, "ఇది సామాను గది, ఇలాగే ఉంటుంది" అని.

ఒక చిన్న విషయం. మన ఇంటి వాసన మన ముక్కుకు తెలియదు, అలవాటు పడిపోతుంది. ఎప్పుడూ మీ ఇంటికి రాని మనిషిని ఒకరిని పిలిచి, గుమ్మంలో అడుగుపెట్టగానే ఏం తెలిసిందో మొహమాటం లేకుండా చెప్పమనండి. మాకు స్నానాలగది పక్క గోడ చెమ్మ అలాగే తెలిసింది. బాగుచేయించడానికి అయిన ఖర్చు చాలా చిన్నది.

ఏజెంటును నమ్మొచ్చా?

పని తెలిసినవాళ్ళైతే నమ్మొచ్చు, కానీ వాళ్ళ లెక్క, మీ లెక్క ఒకటి కాదని గుర్తుంచుకుని. స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ అనే ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధనలో షికాగో ప్రాంతంలోని దాదాపు లక్ష అమ్మకాలు పరిశీలించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్ళను అమ్ముకున్నప్పుడు సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగి, 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టుకున్నారు. ధర కాస్త పెరిగితే మీకు పెద్ద మొత్తం, ఏజెంటుకు అందులో చిన్న వాటా, అందుకని బేరం త్వరగా తెగడమే వాళ్ళకు లాభం. ఇది మోసమని కాదు, ఎవరికైనా అంతే. "ఒప్పేసుకోండి" అని తొందరపెట్టినప్పుడు మాత్రం, గత మూడు నెలల్లో నిజంగా ఏయే ఇల్లు ఎంతకు అమ్ముడుపోయిందో చూపించమనండి. చూపించగలిగినవాళ్ళు మంచి ఏజెంట్లు. ఫోన్ ఎత్తని ఏజెంటును, ఒప్పందం గడువు ముగియగానే మార్చెయ్యండి, మొహమాటపడొద్దు.

కొత్త ఇల్లు కొనేశాం, పాతది అమ్ముడుపోలేదు. రెండు వాయిదాలు కడుతున్నాం. ఊపిరాడటం లేదు.

ముందుగా, ఈ రాత్రే, ఒక అంకె కనుక్కోండి: ఈ ఇల్లు మీ దగ్గర ఒక నెల ఉంటే ఎంత ఖర్చు? వడ్డీ, పన్ను, బీమా, నిర్వహణ, కరెంటు, చిన్నాచితకా రిపేర్లు అన్నీ కలపండి. ఆ మొత్తం ఇంటి ధరలో ఎంత శాతమో చూడండి. ఉదాహరణకు నెలకు ముప్పావు శాతం అవుతుంటే, ఎనిమిది నెలలు ఆగడమంటే ఆరు శాతం కరిగిపోయినట్టే. అప్పుడు ఇవాళ నాలుగు శాతం తక్కువకు వచ్చిన బేరం వేరేలా కనిపిస్తుంది. ఈ లెక్క వెయ్యకముందు మేము అలాంటి బేరాన్ని ఒకదాన్ని కోపంగా వెనక్కి పంపాం, ఇప్పటికీ అది గుర్తొస్తే బాధే.

రెండోది, వాయిదా తప్పిపోకముందే బ్యాంకుకు వెళ్ళి మాట్లాడండి. ఒక్క వాయిదా కూడా తప్పని మనిషితో వాళ్ళు మాట్లాడే తీరు వేరు, మూడు తప్పిన మనిషితో మాట్లాడే తీరు వేరు. గడువు పెంచడం, కొన్నాళ్ళు వడ్డీ మాత్రమే కట్టించుకోవడం లాంటివి అన్నిచోట్లా దొరకవు, కానీ అడగనివాళ్ళకు ఎక్కడా దొరకవు. క్రెడిట్ కార్డు మీద అప్పు తెచ్చి ఇంటి వాయిదా కట్టే పని మాత్రం దయచేసి చెయ్యకండి.

మరీ తక్కువకు అడిగారు. అవమానంగా ఉంది.

అవమానించడానికి ఎవరూ పనిగట్టుకుని మీ ఇంటిదాకా రారు. అడిగి చూస్తున్నారు, అంతే. ఆ రోజు జవాబు ఇవ్వకండి, మర్నాడు మీ ధర, దానికి కారణం రెండు ముక్కల్లో చెప్పి పంపండి. మౌనంగా ఉండిపోతే బేరం అక్కడితో చచ్చిపోతుంది. జవాబిస్తే ఒక్కోసారి పదిశాతం పైకి వస్తారు.

అడ్వాన్స్ దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారు. మళ్ళీ మొదటి నుంచి చేసే ఓపిక లేదు.

ఈ దెబ్బ అన్నిటికన్నా గట్టిది. అప్పటికే మనసులో ఆ ఇల్లు ఖాళీ చేసేసి ఉంటాం. వారం పది రోజులు అమ్మకం ఊసు ఎత్తకుండా ఉండండి, ఆ పది రోజుల్లో మార్కెట్ మారిపోయేది ఏమీ లేదు. తర్వాత, అంతకుముందు ఆసక్తి చూపించి ఆగిపోయినవాళ్ళకు మీరే ఒక ఫోన్ చేయించండి, వాళ్ళలో కొందరు ఇంకా వెతుకుతూనే ఉంటారు. ఈసారి కొనేవాళ్ళ లోన్ మంజూరైందా లేదా అన్నది ముందే అడగండి. రిజిస్ట్రేషన్ అయ్యి డబ్బు చేతికి వచ్చేదాకా ఆ డబ్బుతో ఏ కొత్త ఒప్పందమూ చేసుకోవద్దు.

అమ్మడం మానేసి అద్దెకిస్తే?

మంచి ఆలోచన కావచ్చు, తప్పించుకోవడానికి చేసేది కాకపోతే. అద్దె మీ నెల ఖర్చులో ఎంత భరిస్తుందో చూడండి. మధ్యలో కొన్ని నెలలు ఖాళీగా ఉంటుందనీ, రిపేర్లు వస్తాయనీ లెక్కలో వేసుకోండి. అద్దెకున్నవాళ్ళు ఉండగా ఇల్లు చూపించడం, ఖాళీ చేయించి అమ్మడం కష్టమయ్యే చోట్లు ఉన్నాయి, అక్కడి నియమాలు ముందే తెలుసుకోండి. వేరే ఊళ్ళో ఉండి అద్దె ఇల్లు నడపడం మీ స్వభావానికి సరిపడుతుందా అన్నది కూడా నిజాయితీగా ఆలోచించుకోవాలి. నాకు సరిపడదని తెలుసు, అందుకే మేము ఇవ్వలేదు. మా స్నేహితురాలు ఇచ్చింది, రెండేళ్ళ తర్వాత మంచి ధరకే అమ్మింది.

ఇంట్లో రోజూ గొడవలే. "నువ్వు ఆ రోజు ఒప్పుకోనిచ్చి ఉంటే" అని ఒకరు, "అసలు ఈ ఇల్లు కొందామన్నది ఎవరు" అని ఇంకొకరు.

మా ఇంట్లోనూ అక్షరాలా ఇవే మాటలు. పైకి ధర గురించే, లోపల ఇద్దరికీ భయం. ఒకరిది డబ్బు అయిపోతుందన్న భయం, ఇంకొకరిది మోసపోతామన్న భయం.

మేము వారానికి ఒక్క అరగంట పెట్టుకున్నాం, శనివారం పిల్లలు పడుకున్నాక. ఇంటి అమ్మకం మాటలన్నీ అప్పుడే, మిగతా రోజుల్లో ఎవరైనా మొదలుపెడితే రెండోవాళ్ళు "శనివారం" అనాలి. మొదటి రెండు వారాలు రోజుకు పదిసార్లు ఆ మాట అనుకున్నాం, తర్వాత తగ్గింది. ఇంకోటి, బేరం రాకముందే, మనసు ప్రశాంతంగా ఉన్న రోజున, ఇంతకు తక్కువైతే ఇవ్వం అన్న ధర, ఫలానా నెల దాటితే ఏం చేస్తాం అన్నది కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. బేరగాడు ఎదురుగా కూర్చున్నప్పుడు తీసుకునే నిర్ణయం భయంతోనో కోపంతోనో తీసుకుంటాం. కాగితం ఆ పని ముందే చేసి పెడుతుంది. తర్వాత తప్పైనా ఒకరి మీద ఒకరు వేసుకోరు, ఇద్దరి సంతకం ఉంది కదా.

బంధువులు కనిపించినప్పుడల్లా "ఇంకా అమ్ముడుపోలేదా?" అంటున్నారు.

"అయినప్పుడు మేమే చెబుతాం" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పెయ్యండి. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. ధర, బేరాల వివరాలు చెప్పకండి, సలహాలు మొదలవుతాయి.

ఇల్లు వదలబుద్ధి కావడం లేదు. అందుకే అమ్ముడుపోవడం లేదేమో అనిపిస్తోంది.

మమకారం వల్ల ఇల్లు అమ్ముడుపోకుండా ఉండదు, కానీ మమకారం ధరలోకి ఎక్కుతుంది. 1990లో కానెమన్, నెచ్, థేలర్ కలిసి కొంతమంది విద్యార్థులకు మామూలు కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు, కప్పులు ఇవ్వనివాళ్ళను ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవాళ్ళు అడిగింది కొనేవాళ్ళు ఇస్తామన్నదానికి సుమారు రెండింతలు. చేతికొచ్చి కాసేపే అయిన కప్పు అది. పన్నెండేళ్ళు ఉన్న ఇంటి సంగతి ఇక చెప్పేదేముంది.

మా పిల్లల గది గుమ్మం చెక్క మీద పెన్సిల్ గీతలు ఉండేవి, ఏటా పుట్టినరోజున ఎత్తు కొలిచినవి. తొమ్మిది గీతలు పెద్దవాడివి, ఆరు చిన్నదానివి. రంగు వేయించేటప్పుడు ఆ చెక్క వదిలెయ్యమన్నాను, ఏజెంట్ వద్దన్నాడు. చివరికి పొడవాటి కాగితం అంటించి గీతలన్నీ దాని మీదికి ఎక్కించుకున్నాను, తేదీలతో సహా, తర్వాత రంగు వెయ్యనిచ్చాను. ఇలాంటి పని ఏదైనా మీ ఇంట్లో ఉంటే అమ్ముడుపోకముందే చేసుకోండి. ఆఖరి వారం హడావుడిలో ఏడవడానికి కూడా తీరిక ఉండదు.

పడుకోగానే ఆలోచనలు మొదలవుతాయి. ఏం చెయ్యను?

2018లో ఒక నిద్ర పరిశోధనలో 57 మంది యువతీయువకులు పడుకునే ముందు ఐదు నిమిషాలు రాశారు. మర్నాటి నుంచి చెయ్యాల్సిన పనులు రాసినవాళ్ళు, అయిపోయిన పనులు రాసినవాళ్ళ కన్నా సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. నేను చేసి చూశాను, పనిచేసింది, అన్ని రోజులూ కాదు. రాత్రి ఎనిమిది తర్వాత ఇళ్ళ జాబితాలు చూడటం, పక్కవాళ్ళ ధర తగ్గిందేమో వెతకడం ఆపడం ఇంకా ఎక్కువ పనిచేసింది.

వారాల తరబడి నిద్ర లేకపోతే, తిండి సహించకపోతే, గుండె దడగా ఉంటే, మందు తాగడం ఎక్కువైతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఇల్లు అమ్ముడయ్యాక వెళ్దామని ఆగకండి. బతకడం దేనికి అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరితోనైనా చెప్పండి. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, డాక్టరు, హెల్ప్‌లైన్, ఎవరైనా సరే. అప్పులో ఉన్న ఇంటికి ఏదో ఒక దారి ఉంటుంది, నష్టానికి అమ్మడం కూడా ఒక దారే.

అమ్ముడుపోయింది. అయినా తేలిగ్గా అనిపించడం లేదు, ఎందుకు?

నెలల తరబడి ఉలిక్కిపడటం అలవాటైన ఒంటికి అయిపోయిందని తెలియడానికి టైం పడుతుంది. కొన్నాళ్ళు ఖాళీగా అనిపిస్తుంది, "ఇంకాస్త ఆగి ఉంటే ఎక్కువ వచ్చేదేమో" అని పీకుతుంది. అమ్మిన ఇంటి వీధిలో ధరలు చూడటం మానెయ్యండి, ఆ లెక్క ఇక మీది కాదు. మాది పదకొండో నెలలో, నాలుగో వారంలోనే ఒకసారి చూసి వెళ్ళిన ఒక పెద్దావిడకు, మా కాగితం మీద మిగిలిన మూడో అంకెకు కాస్త అటూ ఇటూగా అమ్ముడైంది. కొత్త ఇంట్లోకి వెళ్ళాక కూడా మూడు వారాలు నేను సింక్ తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నాను. ఒక రోజు రాత్రి మా అమ్మాయి నీళ్ళు తాగి గ్లాసు అందులో పెట్టి వెళ్ళిపోయింది. పొద్దున లేచి చూస్తే అది అక్కడే ఉంది, నేను దాన్ని చూసి కూడా పడుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది.